కొత్త ఇంటి బయటి గోడల ప్లాస్టరింగ్ దీపావళికి ముందా, కార్తీకం దాటాకా?

ప్రశ్న (నరసన్నపేట నుంచి ఒక గృహస్థు)

అందరికీ నమస్కారం. నరసన్నపేటకు దగ్గరలో మా అమ్మగారి పేరిట ఉన్న స్థలంలో ఇల్లు కడుతున్నాము. కింద మూడు గదులు, పైన ఒక గది, దాని ముందు డాబా. పై స్లాబు శ్రావణంలో పోశారు. పిట్టగోడతో సహా ఇటుక పని అంతా సెప్టెంబరు మూడో వారానికి పూర్తయింది. బయటి గోడలు తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుకవి. తలుపుల చట్రాలు బిగించారు. కిటికీలవి మాత్రం ఇంకా సగం మిగిలే ఉన్నాయి. నేను విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ వారానికి ఒకసారి మాత్రమే వెళ్లగలుగుతున్నాను, తక్కిన రోజుల్లో పని చూసుకునేది అమ్మ ఒక్కతే.

బయటి గోడల ప్లాస్టరింగ్ ఎప్పుడు వేయించాలన్న దాని మీద మాకు ముగ్గురు మూడు రకాలుగా చెబుతున్నారు. దీపావళి లోపల వేసేయాలనీ, లేకపోతే ఇటుక వానలకు నాని గోడ పాడవుతుందనీ మా మేస్త్రీ అంటున్నాడు. కెనడాలో ఉన్న మా బావగారు ఫోనులో మాట్లాడినప్పుడల్లా చలికాలంలో బయటి పూత వేయవద్దనీ, అది పొరలుగా ఊడిపోతుందనీ, ఎండలు వచ్చేదాకా ఆగమనీ గట్టిగా చెబుతున్నారు. సంక్రాంతి వెళ్లాక తీరిగ్గా వేసుకోవచ్చునని ఎదురింటి పెద్దాయన మాట. మాఘంలో గృహప్రవేశం చేసుకోవాలని మా అమ్మ కోరిక. ఇప్పుడు అక్టోబరు మొదటి వారం నడుస్తున్నది కనుక ఏదో ఒకటి త్వరగా తేల్చుకోవాలి. ఈ జిల్లాల వాతావరణంలో ఇళ్లు కట్టిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.


సమాధానం 1 (విజయనగరం, విశ్రాంత ఇంజనీరు)

మీ బావగారు చెప్పినది అబద్ధం కాదు, కాని అది ఆయన ఉన్న దేశానికి చెల్లే నిజం. అక్కడ శీతకాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పోతుంది. పచ్చి పూతలో ఉన్న నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం నూటికి సుమారు తొమ్మిది వంతులు పెరుగుతుంది. ఇంకా బిగువు రాని సిమెంటు ఆ ఉబ్బును తట్టుకోలేక పొరలుగా లేచిపోతుంది. అందువల్లనే ఆ దేశాల్లో ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగుతున్నదంటే బయటి పూత పని ఆపేస్తారు. మన మైదాన ప్రాంతంలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో సైతం మామూలుగా 15 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, పగలు 27, 28 డిగ్రీల దాకా వస్తుంది. ఆ వేడిలో సిమెంటు కొంత నెమ్మదిగా గట్టిపడుతుందే తప్ప ఆగిపోదు. నిజానికి ఆ నెమ్మది పూతకు మేలే చేస్తుంది. ఏప్రిల్ ఎండలో వేసిన పూతలో నీరు గంటల్లో ఆవిరైపోయి, గోడంతా వెంట్రుక పగుళ్లు పట్టడం మీరు చూసే ఉంటారు. కాబట్టి ఎండలు వచ్చేదాకా ఆగమన్న సలహాను మన ఊళ్లో పాటిస్తే ఉన్న కాలాల్లో అన్నిటికన్నా చెడ్డదాన్ని ఎంచుకున్నట్టు అవుతుంది.

మనకు గండం చలి కాదు, దానికి ముందు వచ్చే అక్టోబరు. 2013లో ఫైలిన్ తుపాను అక్టోబరు 12న ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో హుద్‌హుద్ సరిగ్గా అదే తేదీన విశాఖపట్నాన్ని తాకింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస వైపు వచ్చింది. 2021లో గులాబ్ కాస్త ముందుగా, సెప్టెంబరు 26న, కళింగపట్నం దగ్గర దాటింది. ఏటా తుపాను వస్తుందని నేను అనడం లేదు, కాని మీ మేస్త్రీ చెబుతున్న దీపావళి గడువు సరిగ్గా ఆ రోజుల మీదే పడుతున్నది. తుపాను లేని సంవత్సరంలో కూడా అక్టోబరులో రెండు మూడు అల్పపీడనాలు తప్పవు. అప్పుడు గాలి తూర్పు నుంచి, ఈశాన్యం నుంచి వీస్తుంది కనుక వాన జల్లు తూర్పు గోడకూ ఉత్తరపు గోడకూ నేరుగా కొడుతుంది.

వాన పడి పూత కడుక్కుపోవడం కంటికి కనిపించే నష్టం. కనిపించని నష్టం ఇంకొకటి ఉంది. ఎర్ర ఇటుక నీటిని బాగా పీలుస్తుంది. పూత వేసేటప్పుడు ఆ పీల్పు కొంత ఉండాలి, ఎందుకంటే మాలులోని (సిమెంటు, ఇసుక కలిపిన ముద్దలోని) తడిని ఇటుక కొద్దిగా లాగినప్పుడే సిమెంటు దాని రంధ్రాల్లోకి దిగి పట్టు దొరుకుతుంది. వారం రోజులు వానకు నానిన ఇటుక ఇక ఏమీ పీల్చదు; మాలు దాని మీద జారుతుంది, లేదా అప్పటికి నిలిచినట్టే నిలిచి ఆరు నెలల తరువాత తడితే డొల్లగా మోగుతుంది. మరీ ఎండిపోయిన ఇటుకదీ చిక్కే, అది మాలులోని నీరంతా లాగేసి సిమెంటుకు ఏమీ మిగల్చదు. అందుకని పూతకు ముందు గోడ తడిగా ఉండాలి గాని నీరోడుతూ ఉండకూడదు. చెంబెడు నీళ్లు గోడ మీద చల్లి చూడండి. ఇటుక వాటిని తాగేస్తే మొదలుపెట్టవచ్చు. నీళ్లు కిందికి జారిపోతే గోడకు ఇంకా కొన్ని ఎండరోజులు కావాలి.

ఇసుక సంగతి కూడా ఈ కాలంలో తేలికగా తీసుకోకూడదు. ఆరుబయట వానకు తడిసిన సన్న ఇసుక నూటికి 20 నుంచి 30 వంతుల దాకా ఉబ్బుతుంది. ఒక పాలు సిమెంటుకు ఐదు పాళ్ల ఇసుకని తట్టలతో కొలిచి పోస్తున్నాము అనుకుంటారు గాని నిజంగా పడే ఇసుక నాలుగు పాళ్లే అవుతుంది. సిమెంటు ఎక్కువ పడితే మంచిదే కదా అనిపిస్తుంది. గోడ పూతలో అది మంచిది కాదు, సిమెంటు ఎక్కువైన పూత ఎక్కువగా కుంచించుకుని ఎక్కువగా బీటలు తీస్తుంది. ఒక సిమెంటు సంచి అంటే సుమారు 35 లీటర్లు, అంటే ఒకటింబావు ఘనపుటడుగు. ఒకటికి ఐదుకు సంచికి ఆరుంబావు ఘనపుటడుగుల పొడి ఇసుక కావాలి. తడి ఇసుక అయితే దానికి తగినంత పెంచి పోయించండి, లేదా ఇసుకను బరకం (టార్పాలిన్) కింద ఉంచండి. బరకమే సులువు.

ఇటుక పాడవుతుందన్న మేస్త్రీ భయానికి వస్తే, బాగా కాలిన ఇటుక ఒక వానాకాలం తడిసినంత మాత్రాన పాడు కాదు. పొలుసులు రాలుతున్నాయంటే అది సరిగా కాలని ఇటుక, పూత వేసినా దాని రోగం దానితోనే ఉంటుంది. మీరు చేయవలసిందల్లా పిట్టగోడ తలను ఇప్పుడే మాలుతో కప్పించి, నీరు గోడ నడినెత్తిన దిగకుండా చూడటం. పైగా ఇటుకల మధ్య మాలు కూడా ఎండేకొద్దీ కొంత కుంచించుకుంటుంది. ఆ కదలికలు అయిపోవడానికి కనీసం నెల రోజులు ఇవ్వాలి, రెండు నెలలు ఇస్తే ఇంకా మంచిది. మీ గోడలకు నవంబరు మూడో వారానికి ఆ రెండు నెలలూ నిండుతాయి.

నేనైతే నవంబరు 20 ప్రాంతంలో మొదలుపెట్టి డిసెంబరు రెండో వారానికి ముగిస్తాను. డిసెంబరు పూర్తిగా నిర్భయమని కాదు. 2023లో మిగ్‌జాం తుపాను డిసెంబరు 5న ఎక్కడో బాపట్ల దగ్గర తీరం దాటినా మన వైపు కూడా వానలు పడ్డాయి. విశాఖపట్నంలోని తుపాను హెచ్చరికల కేంద్రం ప్రకటనలు చూసుకుని, రాబోయే మూడు రోజులు పొడిగా ఉంటాయన్నప్పుడే ఒక్కొక్క గోడా ఎత్తుకోండి.


సమాధానం 2 (ఉద్దానం, జీడితోట రైతు)

ఇంజనీరుగారు చెప్పిన తిత్లీ నాటి సంగతి మా ఇంట్లోనే జరిగింది కనుక రాస్తున్నాను. 2018లో మాకూ ఇదే తొందర. దసరాకు ముందే పూత అయిపోతే పండగకు వచ్చే అల్లుడికి ఇల్లు ముచ్చటగా కనిపిస్తుందన్నది నా ఆశ, అంతకు మించి కారణం లేదు. అక్టోబరు 8న దక్షిణపు గోడ, 9న తూర్పు గోడ వేశారు. 10 సాయంత్రానికి జల్లులు మొదలయ్యాయి, 11 తెల్లవారుజామున తుపాను వచ్చింది. ఆ రాత్రి మేము గోడ గురించి ఆలోచించలేదు. ప్రాణాలతో ఉంటే చాలుననుకున్నాము. తెల్లారి చూస్తే కొబ్బరి తోట పడుకుని ఉంది, తూర్పు గోడ మీద పూత నడుము ఎత్తు వరకు మిగిలి, పైనంతా ఇటుక బయటపడి ఉంది.

నేను చెప్పదలచుకున్నది ఆ తూర్పు గోడ గురించి కాదు. దక్షిణపు గోడకు వాన దెబ్బ తగలలేదు, చెక్కు చెదరలేదు, అది బతికిందని సంతోషించాము. తరువాత ఎన్నో రోజులు మా ఊరికి కరెంటు లేదు. కరెంటు లేకపోతే బోరు లేదు, బోరు లేకపోతే తాగే నీటికే ట్యాంకరు కోసం ఎదురుచూడాలి, ఇక పూత గట్టిపడేందుకు గోడకు నీళ్లు ఎవరు కొడతారు? తుపాను వెళ్లాక ఎండ కూడా బాగా కాసింది. పదో రోజున గోడ మీద చెయ్యి రాస్తే అరచేతికి ఇసుక అంటుకుంది. మరుసటి ఏడు ఆ గోడ మొత్తం గీకించి మళ్లీ వేయించాము. గోడకు తుపాను చేసిన నష్టం కంటే తుపాను తరువాతి కరువు చేసిన నష్టమే మాకు ఎక్కువైంది. అందుచేత అక్టోబరులో ఎవరైనా వేయించుకోదలచుకుంటే వాన పడుతుందా అన్న ప్రశ్న ఒక్కటే కాకుండా, కరెంటు పోతే పది రోజులకు సరిపడా నీళ్లు నిలవ ఉన్నాయా అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.


సమాధానం 3 (చీపురుపల్లి, గృహిణి)

మేము పోయిన ఏడాది డిసెంబరులోనే బయటి పూత వేయించాము, కాలం విషయంలో ఇంజనీరుగారి మాటే నా మాట. అయితే శీతకాలంలో వేయించేవారు పడే గొయ్యి ఒకటి ఉంది. మా మేస్త్రీ మూడో రోజు నుంచే నీళ్లు కొట్టడం మానేశాడు. అడిగితే, "సీతకాలంలో గోడకి నీల్లేటమ్మా, మంచే తడిపేస్తాది" అన్నాడు. పొద్దున్నే చూస్తే నిజంగానే గోడ చెమ్మగా చల్లగా ఉండేది, నేనూ నమ్మేశాను. ఎనిమిదయ్యేసరికి ఆ మంచు జాడ ఉండదు. పొద్దెక్కాక వీచే పొడిగాలికి, దండెం మీద బట్టలు ఎంత త్వరగా ఆరతాయో గోడ కూడా అంత త్వరగా ఆరుతుంది. చలిగా ఉన్నది మనకు, గోడకు కాదు. ఉత్తరపు గోడ ఎలాగో నెట్టుకొచ్చింది గాని దక్షిణపు గోడ మీద సాలెగూడులా పగుళ్లు వచ్చాయి.

దక్షిణపు గోడకే ఎందుకని అప్పట్లో నాకు అర్థం కాలేదు. తరువాత ఆలోచిస్తే తెలిసింది: దక్షిణాయనంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు, వేసవిలో నెత్తిమీద ఉండే ఎండ డిసెంబరులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ గోడకు ఎదురుగా నిలబడి కాస్తుంది. వేసవిలో ఆ గోడకు కాస్తో కూస్తో నీడనిచ్చే సన్‌షేడ్ అప్పుడు పనికిరాదు. కాబట్టి శీతకాలంలో దక్షిణపు గోడకు గోనె పట్టాలు వేలాడదీసి, వాటిని తడుపుతూ ఉండాలి. ఉత్తరపు గోడకు ఆ అవసరం అంతగా లేదు. నాలుగు గోడలకూ ఒకే లెక్కన నీళ్లు కొట్టించిన నాలాంటివారికి ఈ తేడా గోడే నేర్పుతుంది.


అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. నవంబరు దాకా ఆగాలన్నది మనసుకు పట్టింది. నిన్న చెంబెడు నీళ్లు చల్లి చూడమని అమ్మకు ఫోనులో చెప్పాను. తూర్పు గోడ మీద నీళ్లు అలాగే జారిపోయాయట, పడమటి గోడ మాత్రం తాగిందట.

ఇంకో మూడు సందేహాలు మిగిలాయి. ఈ లోపల మేస్త్రీని ఖాళీగా కూర్చోబెడితే వేరే పనికి వెళ్లిపోతాడు, అక్టోబరులో లోపలి ప్లాస్టరింగ్ చేయించవచ్చునా? బయటి పూత ఒకేసారి వేయాలా, రెండు పొరలుగానా? మా మేస్త్రీ ఒకే రోజులో ముగిస్తానంటున్నాడు. మూడోది, అమ్మకు అరవై ఆరేళ్లు, రోజుకు మూడుసార్లు పై అంతస్తు గోడలకు గొట్టం పట్టడం ఆమె వల్ల కాదు.


సమాధానం 4 (రాజాం, తాపీపని గుత్తేదారు)

నేను ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేయిస్తున్నాను, కాబట్టి మీ మేస్త్రీ మనసులో ఏముందో ముందు చెబుతాను. దీపావళి గడువు గోడ కోసం పెట్టినది కాదు. నవంబరు వచ్చిందంటే వరి కోతలు మొదలవుతాయి, మాలు కలిపేవారూ మోసేవారూ సగం మంది పొలాలకు వెళ్లిపోతారు. డిసెంబరులో నూర్పులు, జనవరిలో పండగ. పండగ దాటితే హైదరాబాదుకో చెన్నైకో వలస వెళ్లేవారి బస్సులు కదులుతాయి, అప్పుడు మంచి పనివాడు దొరకడం కష్టం. సంక్రాంతి తరువాత తీరిగ్గా చేసుకోవచ్చునన్న మీ ఎదురింటి పెద్దాయనకు ఈ లెక్క తెలిసి ఉండదు. కాబట్టి నవంబరు 20 అని మీరు నిర్ణయించుకుంటే ఇప్పుడే ఆ తేదీ మేస్త్రీకి చెప్పి, కొంత బయానా ఇచ్చి, కోతలకు వెళ్లని నలుగురిని ఒప్పించుకోమనండి. పుష్యమాసంలో గృహప్రవేశాలు చేయరు గాని పూత పనికి అటువంటి పట్టింపు లేదు, ఒకవేళ వానల వల్ల పని వెనక్కి జరిగినా ఆ రోజులు మీకు చేతిలో ఉంటాయి.

లోపలి ప్లాస్టరింగ్ అక్టోబరులో చేయించండి, స్లాబు కింద పని కనుక వానతో గొడవ లేదు. అయితే కరెంటు పైపుల గాడులు, నీటి పైపుల గాడులు ముందు కొట్టించి పూడ్పించుకోవాలి, కిటికీ చట్రాలన్నీ బిగించాలి. తూర్పు గోడ లోపలి వైపు మాత్రం ఆపండి. బయట పూత లేని గోడకు వాన ఏటవాలుగా కొడితే తడి లోపలికి దిగుతుంది, పచ్చి పూత మీద మచ్చలు పడి ఆ తరువాత తెల్లటి ఉప్పు పూస్తుంది. నిజం చెప్పాలంటే ఈ అక్టోబరు వాన మీకు పైసా ఖర్చు లేని పరీక్ష. వాన కురుస్తున్నప్పుడు లోపల తిరిగి, తడి ఎక్కడెక్కడ దిగుతున్నదో అక్కడ బొగ్గుతో గుర్తు పెట్టించండి. బయట పూత వేసేటప్పుడు ఆ చోట్ల ఇటుకల సందులు గీకి ముందుగా నింపుకోవచ్చు.

ఒకే రోజులో బయటి పూత ముగిస్తానన్నవాడికి రోజు కూలీ కలిసి వస్తుంది, మీకు మాత్రం బీటలు మిగులుతాయి. ఇరవై మిల్లీమీటర్ల మందం ఒకేసారి ఎక్కిస్తే బరువుకు జారి కడుపు దిగుతుంది. మొదటి పొర పన్నెండు మిల్లీమీటర్లు, ఒకటికి నాలుగు పాళ్లు. అది బిగుస్తున్నప్పుడే తాపీ మొనతో అడ్డంగా గీతలు గీయించాలి. రెండు మూడు రోజులు దానికి నీళ్లు కొట్టి, తరువాత ఎనిమిది మిల్లీమీటర్ల రెండో పొర, ఒకటికి ఐదో ఆరో. పై పొరలో సిమెంటు లోపలి పొర కంటే తక్కువే ఉండాలి. ఎక్కువైతే అది కుంచించుకుంటూ కింది పొరను కూడా లాగి పెళ్లలుగా లేస్తుంది. నునుపు రావడం లేదని పనివాళ్లు పొడి సిమెంటు చల్లి రుద్దుతారు, అది చేయనివ్వకండి, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. స్తంభమూ దూలమూ ఇటుకను కలిసే చోట్ల తీగ జాలీ కొట్టించి, కాంక్రీటు మీద గాట్లు పెట్టించండి. కలిపిన మాలు గంటలోపు గోడ ఎక్కాలి. చలికాలంలో అది మెత్తగానే కనిపిస్తుంది కనుక మధ్యాహ్నం భోజనాలయ్యాక పొద్దుటి మాలులోనే మళ్లీ నీళ్లు పోసి తిప్పుతారు. ఆ గంపలు పారబోయించడానికి మీ అమ్మగారు అక్కడ ఉంటే చాలు.

గోడల వరస కూడా ఎండను బట్టే పెట్టుకోవాలి. పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం దాటాక తూర్పు గోడ, ఉత్తరం ఎప్పుడైనా సరే. దక్షిణపు గోడ వంతు వచ్చినప్పుడు పరంజాకు పచ్చ వల కట్టించండి. పిట్టగోడా సన్‌షేడ్‌లూ ముందు, తరువాత పై నుంచి కిందికి. సన్‌షేడ్ అంచు కింద నీరు తెగి పడేలా వేలు పట్టేంత గాడి తీయించడం మరచిపోవద్దు, అది లేకపోతే వాన నీరు సన్‌షేడ్ అడుగు వెంట పాకి కిటికీ మీదికి వస్తుంది.


సమాధానం 5 (విజయనగరం, విశ్రాంత ఇంజనీరు)

గుత్తేదారుగారు చెప్పిన తూర్పు గోడ సంగతి నాకు తోచలేదు, అది సరైన జాగ్రత్త. ఒక్క చోట మాత్రం నాకు భేదాభిప్రాయం ఉంది. మొదటి పొరకు ఒకటికి నాలుగు అన్నారు. ఎర్ర ఇటుక గోడకు ఒకటికి ఐదు చాలునని, రెండో పొరకు ఆరు చాలునని నా అనుభవం. సముద్రం పక్కన ఉన్న ఊళ్లలో, వాన నేరుగా కొట్టే తూర్పు ముఖానికి నాలుగు వేస్తే అర్థం ఉంది. నరసన్నపేట అంత తీరాన లేదు.

ఎన్నాళ్లు తడపాలన్నది మీ సిమెంటు సంచి మీదే ఉంది. ఇప్పుడు మన దుకాణాల్లో దొరికేది ఎక్కువగా బూడిద కలిసిన పీపీసీ రకం, అది నెమ్మదిగా బలం పుంజుకుంటుంది. మామూలు సిమెంటుకు ఏడు రోజులంటే దీనికి కనీసం పది రోజులు తడి ఉండాలి, చలికాలంలో ఇంకో రెండు మూడు రోజులు కలపడం మంచిది. పూత ముగిసిన మరునాటి నుంచి సన్నటి జల్లుగా కొట్టాలి. గొట్టం మూతి నొక్కి ధారగా కొడితే పచ్చి పూత మీద ఇసుక లేస్తుంది. మీ బోరు నీరు నాలుకకు ఉప్పగా తగులుతున్నదేమో కూడా చూడండి. ఉప్పు నీటితో తడిపిన గోడ ఆరిన కొద్దీ తెల్లగా పూస్తుంది.

అమ్మగారి శ్రమ విషయానికి నాకు తోచినది చెబుతాను. డాబా మీద 500 లీటర్ల ట్యాంకు ఒకటి ముందే ఎక్కించి, పిట్టగోడ చుట్టూ సన్నటి చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గొట్టం కట్టిస్తే, కుళాయి తిప్పగానే గోనె పట్టాల మీదుగా నీరు తనంతట తానే దిగుతుంది. ట్యాంకు నిండి ఉంటే ఉద్దానంవారు చెప్పిన కరెంటు బెడదకు కూడా ఒకటి రెండు రోజులు నిలబడవచ్చు.

రంగు మాత్రం తొందరపడవద్దు. తడపడం ఆపాక కనీసం నాలుగు వారాలు గోడను ఆరనివ్వాలి. ఉత్తరపు గోడకు సెప్టెంబరు చివరి నుంచి మార్చి దాకా నేరుగా ఎండ తగలదు, దానికి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. డిసెంబరు రెండో వారానికి పూత ముగిస్తే, చివరి వారం దాకా తడిపి, జనవరి నెలంతా ఆరబెట్టి, ఫిబ్రవరి మొదట్లో ప్రైమరు వేయవచ్చు. మీ ముహూర్తం అంతకు ముందే వస్తే బయట రంగు లేకుండానే గృహప్రవేశం చేసుకోండి. పాలు పొంగేది లోపలే కదా.


అడిగినవారి స్పందన

మేస్త్రీతో ఈ ఆదివారం కూర్చుని మాట్లాడాను. నవంబరు 20కి బయానా ఇచ్చాను. మొదట ముఖం మాడ్చుకున్నాడు గాని, లోపలి పని రేపే మొదలుపెట్టమనేసరికి ఒప్పుకున్నాడు. తూర్పు గది లోపలి గోడ వదిలేయమన్నాను. రెండు పొరలకు అదనంగా నాలుగు రోజుల కూలీ అడిగాడు, ఇస్తానన్నాను. పిట్టగోడ తల కప్పడం నిన్ననే అయిపోయింది. బోరు నీరు నేనే తాగి చూశాను, ఉప్పదనం లేదు. గోనె పట్టాలు ఎన్ని కావాలో, ఎక్కడ దొరుకుతాయో ఎవరైనా చెబితే ఈ వారమే కొనిపెడతాను.


సమాధానం 6 (చీపురుపల్లి, గృహిణి)

గోనెలు ఇప్పుడు కొనకండి. కోతలు అయ్యాక మీ దగ్గరి రైసు మిల్లులో చిరిగిన సంచులు కట్టల లెక్కన తక్కువకు ఇస్తారు, ఇప్పుడైతే కొత్త వాటి ధర చెబుతారు. దక్షిణపు గోడ వైశాల్యానికి సరిపడా విప్పి కుట్టించుకుంటే చాలు, ఆ గోడ పని అయ్యాక వాటినే పడమటి గోడకు మార్చుకోవచ్చు. కొత్త గోడకు వాటిని వేసే ముందు రోజంతా తొట్టెలో నానబెట్టి ఉతికించండి. మా ఇంట్లో అలా చేయనందుకు పాత సంచుల మీది అక్షరాల రంగు పూత మీదికి దిగి, ప్రైమరు వేసేదాకా ఆ గోడ మీద ధాన్యం బరువు చదువుకోవలసి వచ్చింది.


సమాధానం 7 (రాజాం, తాపీపని గుత్తేదారు)

ఇంకొక్కటి, పరంజా కర్రల కోసం ఇటుకలు తీసిన గూళ్లు ఎన్ని ఉన్నాయో ముందే లెక్కపెట్టి రాసుకోండి. విప్పేటప్పుడు పనివాళ్లు వాటిలో ఇటుక ముక్కలు కుక్కి పైన మాలు పులిమేస్తారు, మరుసటి వానకు నీరు దిగేది అక్కడి నుంచే. ఒక్కొక్క గూటినీ తడిపి, నిండు మాలులో ఇటుక కూర్చి, లెక్క సరిపోయాకనే చివరి కూలీ ఇవ్వండి.